చెవికి పళ్ళు

పుదుపేటలో ముగ్గురు ఒకే మాట చెప్పారు:
పగలగొట్టి కొత్త తాళం వేద్దాం మేడమ్, రెండు నిమిషాల పని.
పీకేద్దాం అనడం ఎంత తేలికో నాకు తెలుసు,
ముప్ఫై ఏళ్ళుగా పళ్ళ డాక్టర్ని.
నాలుగోవాడు కుళందైవేలు.
తలుపులు లేని కార్లూ, కార్లు లేని తలుపులూ దాటాక
మెట్టు మీద ఓ బల్ల, ఓ వైస్,
మేకుకి వేలాడే ఇత్తడి బోడి చెవులు.
ఏ బండి, అని మాత్రం అడిగాడు.

హెరాల్డ్. అరవై ఆరు. ఈ ఊళ్ళోనే పుట్టింది.
పెరంబూరు రోజారియోది,
రైలింజన్లు నడిపిన మనిషి.
రెండు దవడలకీ సెట్టు కట్టించుకుని
డబ్బుకి బదులు బండి తోయించి పంపాడు.
తాళంచెవి? ఎక్కడో ఉంటుంది డాక్టర్, అని
కొత్త పళ్ళతో నవ్వాడు.

స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాను కుళందైవేలుని,
ఒళ్ళో ఆకురాళ్ళ సంచి.
క్లినిక్ వెనక షెడ్డు, రేకుల మీద కార్తీకం వాన.
తాళం మొహమ్మీది నంబరు అరిగిపోయింది.
ఒక ఏడు మిగిలింది. ఒకటీ కావచ్చు.
ఉన్నా అది ఫ్యాక్టరీ మాట, అన్నాడు,
తాళం మాట వేరే ఉంటుంది.

కొవ్వొత్తి వెలిగించి
బోడి చెవికి మసి పట్టించాడు.
లోపలికి తోసి అటో వెంట్రుకవాసి, ఇటో వెంట్రుకవాసి,
తీసి వెలుగుకి పట్టాడు.
మసిలో ఒకచోట సూదిమొనంత మెరుపు.
అక్కడ ఆకురాయితో మూడు గీతలు.
మళ్ళీ మసి. మళ్ళీ లోపలికి.

ఇది నా పనే!
నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి
కొరకండి, ఇంకోసారి, కటకటమనిపించండి, అంటాను.
నీలం ఎక్కడ చిక్కగా అంటితే అక్కడే ఎత్తు.
నోరు అబద్ధమాడుతుంది, కాగితం ఆడదు.
నా తలదీపం తెచ్చి అతని నుదుటికి కట్టాను.
సిగ్గుపడ్డాడు. తీయలేదు.

లోపల అయిదు రేకులు, ఏ రెండూ ఒకే ఎత్తు కావు.
నాలుగు లొంగేసరికి టీ రెండుసార్లు చల్లారింది.
నేను గడియారం చూడ్డం చూసి
అవసరం వద్దమ్మా, అన్నాడు.
తమిళంలో అవసరమంటే తొందర.
నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా
నా చెవి ముందు దాన్ని అక్కరగానే వింటుంది,
తర్వాత దిద్దుకుంటుంది.
తాళంచెవిని వాళ్ళు సావి అంటారు.
మనమే దాన్ని చెవి అన్నాం.
పళ్ళున్న చెవి ఇంకెక్కడుంది?

అయిదో రేకు దగ్గర ఆకురాయి ఆగింది.
తీసిన ఇత్తడి తిరిగి అతకదు,
అరగదీసిన పన్నూ అంతే.
ఊపిరి బిగబట్టింది నేను.
ఒక గీత. అర గీత.
తాళం దగ్గలేదు, గింజుకోలేదు,
నిద్రలో ఒత్తిగిల్లినట్టు తిరిగింది.

తలుపు తెరిస్తే పాత రెక్సిన్ వాసన, బొగ్గు, తలనొప్పి మందు.
కాళ్ళ దగ్గరి రబ్బరు చాప ఎత్తితే
అసలు చెవి,
తోలుముక్కకి కట్టి, ఒక్క పన్నూ చెక్కుచెదరకుండా.
కుళందైవేలు దాన్ని తాళంలో పెట్టాడు.
మూసింది. తెరవలేదు.
కొత్తదానితో తెరిచి, మళ్ళీ పాతది.
మూస్తుంది, తెరవదు.
ఇది అప్పటి తాళానికమ్మా, అన్నాడు,
తప్పు దీనిది కాదు.

రోజారియో మొదటిరోజు పాత సెట్టు కూడా తెచ్చాడు,
బిస్కెట్ డబ్బాలో, దూదిలో చుట్టి.
మంచి పనితనం, ఎవరు చేశారో.
పెట్టుకుని మాట్లాడితే ఈల వేసింది.
చిగుళ్ళు తరిగిపోయాయండీ, అన్నాను.
నేనెక్కడికీ పోలేదే, అన్నాడు.

నాలుగు వందలు. కొవ్వొత్తికి అయిదు.
స్కూటర్ ఎక్కబోతూ కుళందైవేలు కుడి దవడ నొక్కుకున్నాడు:
పైన, చివరిది, రాత్రిళ్ళు.
తలదీపం ఇంకా అతని నుదుటి మీదే ఉంది.
విప్పి నేను కట్టుకుని నోరు తెరవమన్నాను.
తెరవలేదు.
పీకేయరు కదా?
అవసరం లేదు, అన్నాను,
ఏ భాషలో అన్నానో.